రూపాయి బిళ్ళకి మూడు నిమిషాలు

మేం మద్రాసు వెస్ట్ మాంబళంలో కాపురం పెట్టిన కొత్తలో మా వాటాలో ఫోను లేదు. కింద ఇంటివాళ్ళకి ఉండేది. మా ఆయన తన విజిటింగ్ కార్డు మీద వాళ్ళ నంబరే వేయించుకుని పక్కన పి.పి. అని అచ్చు కొట్టించారు. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ, అప్పట్లో పెళ్ళి శుభలేఖల మీద కూడా పి.పి. నంబర్లు ఉండేవి. పక్కింటి ఫోనే మన ఫోను. నెల్లూరు నుంచి కాల్ వస్తే ఇంటావిడ మెట్ల దగ్గర నిలబడి కేకేసేది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ నేను దిగేసరికి ఆవిడ, ఆవిడ అత్తగారు, టీవీ ముందు కూర్చున్న పిల్లలు అందరూ నా మొహం వంకే చూసేవాళ్ళు. అటునుంచి మా అమ్మ "బాగున్నావా?" అంటే "బాగున్నానమ్మా" అనేదాన్ని. బాగా లేకపోయినా అదే మాట. అంతమంది ముందు ఇంకేం చెప్తాం?

ఆ తర్వాత కొన్నేళ్ళకి, తొంభైల మొదట్లో, బతుకు మీద విసిగిపోయిన మనుషులు ఫోన్ చేస్తే వినే ఒక కేంద్రంలో వాలంటీరుగా చేరాను. ఏ కేంద్రమో చెప్పను. వాలంటీర్లు బయట చెప్పుకుని తిరగకూడదని మొదటిరోజే చెప్పారు, ఇన్నేళ్ళకి అది అలవాటైపోయింది. మా మేనకోడలు మాత్రం ఊరుకోదు. "అత్తా, ఆ కాల్స్ గురించి రాయొచ్చు కదా, జనం ఎంత చదువుతారో!" అంటుంది. ఒక్క కాల్ గురించి కూడా రాయను. పేరు మార్చీ రాయను, ఊరు మార్చీ రాయను. మనల్ని నమ్మి చెప్పినవి అవి.

ఫోన్ల గురించి రాస్తే మాత్రం ఎవరికీ ఇబ్బంది ఉండదు. నిజానికి ఈ హెల్ప్‌లైన్ల చరిత్రలో సగం ఫోన్ల చరిత్రే. చచ్చిపోదామనిపించిన మనిషి ఇంకొకరితో మాట్లాడాలంటే ముందు ఫోను దొరకాలి, ఆ తర్వాత పక్కన ఎవరూ లేని చోటు దొరకాలి. మొదటిది ముప్ఫై ఏళ్ళలో అందరి జేబుల్లోకీ వచ్చేసింది. రెండోదానికోసం మనవాళ్ళు ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నారు.

ట్రైనింగ్‌లో మాకు ముందుగా చెప్పింది లండన్ కథ. చాద్ వారా అని ఒక ఫాదరీ. 1935లో, చర్చి ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆయన జరిపించిన మొట్టమొదటి అంత్యక్రియలు 14 ఏళ్ళ అమ్మాయివి. నెలసరి మొదలైతే అదేదో పాడు రోగం అనుకుని, అడగడానికి ఎవరూ లేక ప్రాణం తీసుకుంది. ఈ ముక్క చెప్పగానే మా బ్యాచ్‌లో ఆడవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మన ఇళ్ళలో పిల్ల పెద్దమనిషయితే చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, వీధివీధంతా పేరంటానికి పిలుస్తాం. రక్తం ఎందుకొస్తోందో మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

ఆ అమ్మాయిని ఆయన మర్చిపోలేదు. 1953 నవంబరు 2న, లండన్ నడిబొడ్డున సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ అనే చర్చిలో కూర్చుని, మాన్షన్ హౌస్ ఎక్స్ఛేంజిలో 9000 నంబరు మీద ఫోన్ కాల్స్ తీసుకోవడం మొదలుపెట్టాడు. సమారిటన్స్ అనే సంస్థ పుట్టింది అలా. నాకు నచ్చిన ముక్క ఆ తర్వాతది. ఆయనతో మాట్లాడాలని మనుషులు నేరుగా కూడా వచ్చి కూర్చునేవాళ్ళట. వాళ్ళు ఎదురుచూస్తూ ఉంటే కాస్త టీ ఇచ్చి, పక్కన కూర్చోవడానికి మామూలు మనుషులు కొందరు సాయం వచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకి తేలిందేమిటంటే, టీ తాగుతూ వాళ్ళతో మనసులో ఉన్నది చెప్పుకున్నవాళ్ళలో చాలామందికి ఇక ఫాదరీని కలవాల్సిన అవసరమే లేకపోతోంది. ఇంకొకరైతే నొచ్చుకునేవాళ్ళేమో. ఆయన 1954 ఫిబ్రవరిలో ఫోనుని వాలంటీర్ల చేతికే ఇచ్చేశాడు. డాక్టరు కాని, గురువు కాని, ఏ పట్టా లేని నాలాంటి బ్యాంకు గుమాస్తా ఆ కుర్చీలో కూర్చోగలిగిందంటే దానికి మూలం అదే.

మద్రాసులో ఈ పని 1986లో మొదలైంది. సైకియాట్రిస్టు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ గారు స్నేహ అనే సంస్థ పెట్టారు. లండన్ పద్ధతే: పేరు అడగరు, నీతులు చెప్పరు, విన్నది బయటకి పోదు, వినేవాళ్ళు జీతం లేని వాలంటీర్లు. 1986 అంటే ఈ నగరంలో ఫోను కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ళకేళ్ళు ఎదురుచూసే రోజులు. కొడుకు పుట్టినప్పుడు పెట్టిన దరఖాస్తుకి వాడు బళ్ళో చేరాక ఫోనొచ్చిందని జనం జోకులేసుకునేవాళ్ళు. ఎవరిళ్ళలో ఫోన్లున్నాయని టెలిఫోన్ హెల్ప్‌లైన్ పెట్టారో అని అప్పట్లో అడిగినవాళ్ళు ఉండే ఉంటారు. అడిగినా తప్పులేదు.

నేను చేరుతున్నానంటే మా అత్తగారికి నచ్చలేదు. "ఏమ్మాయ్, మన కొంపలో ఏడుపులు చాలవా, ఊళ్ళోవాళ్ళవి కూడా కొనితెచ్చుకోవాలా?" అన్నారు. తర్వాత మాత్రం నా డ్యూటీ రోజున సాయంత్రం ఫ్లాస్కులో కాఫీ పోసి గుమ్మం దగ్గర ఆవిడే పెట్టేవారు. అక్కడేం విన్నావని ఒక్కసారీ అడగలేదు. ఆవిడ దగ్గర మాట దాగదని కాలనీ అంతా అనుకునే మనిషి!

చుట్టాలు మాత్రం ఇంకోటి అడిగేవాళ్ళు. "ఇందులో పోలీసు గొడవలేం లేవు కదా?" అని. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. అప్పట్లో ఐపీసీ 309వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించడం నేరం, ఏడాది వరకు జైలు. చావు తప్పి బయటపడ్డ మనిషి ఆసుపత్రి మంచం మీద ఉండగానే కేసు. అందుకే ఇంట్లోవాళ్ళు డాక్టరుతో కడుపునొప్పి అనేవాళ్ళు, జారిపడింది అనేవాళ్ళు, పొరపాటున తాగాడు అనేవాళ్ళు. ఆ అబద్ధం ఒకసారి చెప్పాక ఇంట్లో కూడా ఇక ఆ విషయం ఎత్తకూడదు. ఎత్తితే అబద్ధం బయటపడుతుంది. 1994లో సుప్రీంకోర్టు ఆ సెక్షను చెల్లదంది. హమ్మయ్య అనుకునేలోపే 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో ఐదుగురు జడ్జీల బెంచి చెల్లుతుందంది. మా దగ్గర ఆ తీర్పు వచ్చిన పేపరు కత్తిరించి బోర్డు మీద పెట్టారు. కాల్ చేసేవాళ్ళు పోలీసులకి చెప్తారా అని అడిగితే ఏం చెప్పాలో మళ్ళీ ఒకసారి అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. చెప్పం, అంతే.

ఫోను గది గురించి చెప్తాను. మామూలు ఇంట్లో ఒక చిన్న గది. చెక్క బల్ల, దాని మీద నల్లటి డయల్ ఫోను, గీతల నోటుబుక్కు, దారంతో కట్టిన పెన్ను. దారం ఎందుకంటే పెన్నులు ఇంటికెళ్ళిపోయేవి, సేవా కేంద్రమైనా ఆఫీసు ఆఫీసే. గోడ గడియారం ఉండేది గానీ టిక్కుటిక్కుమంటుందని ఎవరో బ్యాటరీది తెచ్చి మార్చారు. ఫ్యాను రెండో నంబరు దాటనివ్వకూడదు, ఆ పాత ఫ్యాను చప్పుడులో అవతలివాళ్ళ ఊపిరి వినబడేది కాదు. మే నెల మద్రాసులో, తలుపులేసుకున్న గదిలో, ఫ్యాను రెండు మీద! చీర వీపుకి అంటుకుపోయేది. కొత్తగా చేరిన ఒక కుర్రాడు, మైలాపూర్ అబ్బాయి, తడి తువ్వాలు మెడకి చుట్టుకుని కూర్చునేవాడు.

ఊపిరి వినడం గొప్పకి అన్నమాట కాదు. సగం కాల్స్‌లో ముందు మాటే ఉండదు. మనం "చెప్పండి, వింటున్నాం" అంటాం. అటునుంచి నిశ్శబ్దం. పెట్టేయకూడదు. ఉన్నామని తెలిసేలా మధ్యమధ్యలో ఒక మాట అనాలి, తొందరపెట్టకూడదు. ట్రైనింగ్‌లో మాకు చాలా కష్టమైంది ఇదీ, సలహా చెప్పకుండా ఉండటమూ. సలహా చెప్పకుండా తెలుగువాడు ఎంతసేపు ఉండగలడు? పెళ్ళిలో పక్క విస్తరి వాడికి షుగరుందని తెలిస్తే చాలు, మూడు కషాయాలు చెప్తాం. అక్కడ "మీకేం తక్కువండీ", "పిల్లల మొహం చూసైనా" లాంటి మాటలు నోటివరకూ వచ్చి ఆగాలి. ఇంకో సంగతి, ఆ ప్రశ్న సూటిగా అడగాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని అందరికీ భయం. అలా ఏం జరగదని, అడిగితేనే చాలామందికి గుండె బరువు దిగుతుందని డాక్టర్లు ఎప్పుడో తేల్చేశారు.

ఇక కాయిన్ బాక్సు సంగతి. పెట్టికడల, అంటే చిల్లర కొట్ల ముందు గొలుసు కట్టి పెట్టే ఎర్ర డబ్బా ఫోను గుర్తుందా? ఇంట్లో ఫోను లేనివాళ్ళకీ, ఉన్నా దాని దగ్గర మాట్లాడలేనివాళ్ళకీ అదే గతి. రూపాయి బిళ్ళ వేస్తే మూడు నిమిషాలు. మేం ఫోనెత్తగానే ముందు బిళ్ళ లోపల పడే చప్పుడు వినబడేది. దాన్నిబట్టే తెలిసిపోయేది, ఇది రోడ్డు మీద నుంచి అని. వెనకాల పల్లవన్ సిటీ బస్సు ఆగి బయల్దేరుతుంది, సైకిల్ బెల్లు, అరటిపళ్ళ బేరం. వాళ్ళ వెనక ఇంకొకడు తన వంతు కోసం బిళ్ళ పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ మూడు నిమిషాల్లో మొదటిది మౌనంలో పోతుంది, రెండోది ఏడుపులో పోతుంది. మూడోదాంట్లో అసలు సంగతి మొదలయ్యేసరికి బీప్ వస్తుంది. ఇంకో బిళ్ళ ఉంటే వేస్తారు. లేకపోతే కట్.

మేం తిరిగి చేద్దామంటే నంబరు తెలియదు. ఆ రోజుల్లో ఎవరు చేశారో చూపించే ఫోన్లే లేవు. ఉన్నా చూడకూడదన్నదే మా పద్ధతి, అది వేరే సంగతి. కట్ అయ్యాక చేసేదేమీ లేదు. మళ్ళీ మోగుతుందేమో అని ఆ ఫోను వంక చూస్తూ కూర్చోవడమే. కొన్నిసార్లు పది నిమిషాల తర్వాత మోగేది, మళ్ళీ బిళ్ళ పడేది. పెట్టికడవాడి దగ్గర చిల్లర మార్చుకుని వచ్చారన్నమాట. సీనియర్ వాలంటీరు ఒకావిడ, రిటైరైన తమిళ టీచరు, మామి అని పిలిచేవాళ్ళం, మాకు ఒక కిటుకు చెప్పింది. బిళ్ళ చప్పుడు వినబడితే మొదటి మాటలోనే "ఒకవేళ కట్ అయితే మళ్ళీ చెయ్యండి, నేను రాత్రి ఇంతవరకు ఇక్కడే ఉంటాను" అని చెప్పేయమంది. ఏ పుస్తకంలోనూ ఉండని పాఠం. ఆ ఒక్క మాటతో మళ్ళీ చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇళ్ళలో ఫోన్లున్నవాళ్ళకైనా సుఖం ఉందా అంటే అదీ లేదు. డయల్‌కి తాళం వేసేవాళ్ళు! చిటికెన వేలంత తాళం, ఒక రంధ్రంలో బిగించేస్తే డయల్ తిరగదు. తాళంచెవి మామగారి జంధ్యానికి ఉండేది. బిల్లు పెరుగుతుందని చెప్పేవాళ్ళు గానీ, కోడలు పుట్టింటికి ఫోన్ చేసి ఏం చెప్తుందో అన్న అనుమానం కూడా అందులో ఉండేది. మోగితే ఎత్తొచ్చు, తను మాత్రం చెయ్యలేదు. ఫోను ఉన్నా లేనట్టే.

క్రాస్ టాక్ ఇంకో శని. మాట్లాడుతుంటే మధ్యలో ఎవరో దూరి "సేట్, రెండు మూటలు పంపించా" అనేవాడు. గుట్టుగా వినాల్సిన చోట ఊరంతా లైన్లో ఉన్నట్టుండేది. అటు మనిషి ఠక్కున పెట్టేసేవాడు. తమిళుల ఐప్పసి, కార్తీక మాసాల వానలకి కేబుళ్ళలో నీళ్ళు చేరి అసలు లైనే పోయేది. మామూలు ఇంట్లో ఫోను చచ్చిపోతే వారం పదిరోజులు ఎవరూ పట్టించుకోరు. మాకు ఒక్కో గంటా టెన్షనే. లైన్‌మన్ ఒకాయన ఉండేవాడు, పేరు అక్కర్లేదు. ఇది ఏం ఫోనో తెలిశాక వానలో కూడా ముందు మా స్తంభమే ఎక్కేవాడు. దీపావళికి బక్షీస్ ఇస్తే తీసుకోలేదు.

పసుపు బోర్డుల ఎస్.టి.డి. బూత్‌లు వీధివీధికీ వచ్చాక పరిస్థితి మారింది. అద్దాల తలుపు, లోపల చిన్న స్టూలు, ఎదురుగా ఎర్ర అంకెల మీటరు. మొదటిసారి సామాన్యుడికి నాలుగు గోడలున్న ఫోను దొరికింది. రాత్రి పొద్దుపోయాక పావు చార్జీ కాబట్టి జనమంతా అప్పుడే చేసేవాళ్ళు, మాకూ అప్పుడే ఎక్కువ. నెల్లూరు, గూడూరు, చిత్తూరు వైపు నుంచి తెలుగు కాల్స్ రావడం మొదలైంది అప్పటినుంచే. ఎవరిద్వారా నంబరు తెలిసేదో! సెంట్రల్ స్టేషన్లో దిగి పెద్దాసుపత్రులకి వెళ్ళే మనవాళ్ళు ఎంతమంది! మేం తెలుగులో కరపత్రాలు వేసి వెంకటనారాయణ రోడ్డులో తిరుమల దేవస్థానం గుడి దగ్గరా, దుర్గాబాయమ్మ 1937లో మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభ దగ్గరా పంచేవాళ్ళం. షావుకారుపేటలో పంచితే ఒక చిక్కొచ్చింది. అక్కడి చెట్టిగార్ల పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం రాదు. కరపత్రం తిప్పిచూసి "తమిళంలో ఉందా అక్కా?" అని తెలుగులోనే అడిగారు. తర్వాత రెండువైపులా అచ్చు వేయించాం.

మద్రాసు చెన్నై అయిన కొన్నేళ్ళకి ఊళ్ళో నంబర్లన్నిటికీ ముందు ఒక 2 చేర్చారు. అందరికీ అది చిన్న విషయం. మాకు మాత్రం గోడల మీద, బస్టాపుల్లో, కాలేజీ నోటీసుబోర్డుల్లో ఉన్న పాత స్టిక్కర్లన్నీ ఒక్క అంకె తక్కువైపోయాయి. స్కెచ్ పెన్నులు పట్టుకుని టి.నగర్, మాంబళం తిరిగి ముందు 2 రాసుకుంటూ వచ్చాం. పానగల్ పార్కు దగ్గర పోలీసాయన ఏం రాస్తున్నారమ్మా గోడ మీద అని ఆపాడు.

పరీక్షా ఫలితాల రోజుల గురించి చెప్పకుండా ఉండలేను. ప్లస్ టూ ఫలితాలొచ్చే మే నెలలో డబుల్ డ్యూటీలు. ఎవరూ ఊరెళ్ళకూడదు, మామిడిపళ్ళ సీజనైనా సరే. తమిళనాడులో తప్పినవాళ్ళకి వెంటనే మళ్ళీ పరీక్ష పెట్టి ఏడాది పోకుండా చూసే ఏర్పాటు 2000 దశకంలో వచ్చింది. దానికోసం ప్రభుత్వం వెంటపడినవాళ్ళలో స్నేహ వాళ్ళున్నారు. నా దృష్టిలో ఎన్ని కాల్స్ ఎత్తినా రాని ఫలితం అది. తప్పిన పిల్లాడికి మనం ధైర్యం చెప్పడం ఒక ఎత్తు, జూన్, జూలైల్లోనే మళ్ళీ రాయొచ్చు అన్న తేదీ చేతిలో ఉండటం ఇంకో ఎత్తు. అలాగే కడలూరు జిల్లాలో పురుగుమందు ఇళ్ళలో పెట్టుకోకుండా ఊరుమ్మడిగా ఒకచోట, లాకర్లలో దాచుకునే ఏర్పాటు చేసి చూశారు. వినడానికి ఎంత మామూలుగా ఉంది! ఆ ఘడియ దాటితే మనిషి నిలబడతాడు, ఆ ఘడియలో చేతికి అందకూడదు. ఇన్నేళ్ళు ఫోన్లో కూర్చున్నదాన్ని, ఆ ఘడియ ఎంత చిన్నదో నాకు తెలుసు.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత వాలంటీర్లు ఫోను వదిలి మనుషుల దగ్గరికే వెళ్ళారు. చెన్నై తీరంలో తమవాళ్ళని పోగొట్టుకున్న కుటుంబాల ఇళ్ళకి వెళ్ళి కూర్చునేవాళ్ళు. దాని గురించి ఎక్కువ రాయను. నేను వెళ్ళలేదు, వెళ్ళొచ్చినవాళ్ళు ఎక్కువ చెప్పలేదు.

సెల్ ఫోన్లు వచ్చిన మొదట్లో మాకేం ఒరగలేదు. వచ్చిన కాల్‌కి కూడా డబ్బు కట్టాల్సిన రోజులవి. 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యాక గేట్లెత్తినట్టు అయింది. మనుషులు కొత్తకొత్త చోట్ల నుంచి చేయడం మొదలుపెట్టారు. డాబా మీద నుంచి, ఆఫీసు మెట్ల మీద నుంచి, ఎలక్ట్రిక్ ట్రైన్ దిగి ప్లాట్‌ఫారం చివరికి నడిచి. మెరీనా నుంచి వస్తే అలల హోరు, దానిమధ్య "సుండల్, సుండల్" అని కుర్రాళ్ళ అరుపు. ఇంట్లో నాలుగు గదులున్నా ఇసుకలోకి వచ్చి మాట్లాడాల్సి వస్తోందంటే మన ఇళ్ళ సంగతి ఏమనుకోవాలి? హాస్టల్ పిల్లలైతే బాత్‌రూంలో కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున మాట్లాడేవాళ్ళు. ఊరి బయటి ఇంజనీరింగ్ కాలేజీల్లో మన ఆంధ్రా పిల్లలు ఎంతమందో మీకు తెలిసిందే. గదికి నలుగురు. జేబులో ఫోనుంది, మాట్లాడటానికి మూలే లేదు. బాలెన్స్ అయిపోతోందని మధ్యలో చెప్పేవాళ్ళు. బిళ్ళ చప్పుడు పోయి బాలెన్స్ వచ్చింది, అంతే తేడా.

ఈలోగా మన తెలుగునాట కూడా ఇలాంటివి వచ్చాయి. సికింద్రాబాద్‌లో రోష్నీ 1997 నుంచి ఉంది. అక్కడివాళ్ళకి ఇక చెన్నైకి ఎస్.టి.డి. చేయాల్సిన పనిలేకపోయింది. 2017లో మానసిక ఆరోగ్య చట్టం వచ్చి, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్కగట్టాలని, శిక్షించకూడదని 115వ సెక్షన్లో రాసింది. 2018 మేలో అమల్లోకి వచ్చింది. పాత 309 మాత్రం పుస్తకంలో అలాగే వేలాడుతూ ఉండి, 2024 జూలై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చినప్పుడు పోయింది. మామి ఉండుంటే ఆ పేపరు కూడా కత్తిరించేది.

లాక్‌డౌన్‌లో మాత్రం తమాషా జరిగింది. తమాషా అనకూడదేమో. సెంటరుకి వెళ్ళడానికి లేదు కాబట్టి కాల్స్ మా మొబైళ్ళకి మళ్ళించారు. ఇన్నాళ్ళూ చోటు వెతుక్కున్నది అటువాళ్ళు, ఇప్పుడు మేం కూడా. హాల్లో మా ఆయన వార్తలు, ఒక గదిలో అబ్బాయి ఆఫీసు మీటింగు, ఇంకో గదిలో మనవడి ఆన్‌లైన్ క్లాసు, "మిస్, మై నేమ్ ఈజ్..." అంటూ. చివరికి నేను బీరువాలున్న చిన్న గదిలో, ఇస్త్రీ బట్టల మధ్య పీట వేసుకుని కూర్చున్నా. కొంచెం సేపటికే ఒక సంగతి అర్థమైంది. అటువైపు కూడా ఎవరో బీరువా పక్కనో, స్కూటర్ల మధ్యనో కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. గుసగుసగా వినబడే కాల్స్ అప్పుడు వచ్చినన్ని ఎప్పుడూ రాలేదు. అందరూ ఇంట్లో ఉన్న రోజుల్లో ఏ ఇంటి బాధ ఆ ఇంట్లో ఎవరితో చెప్పుకోవాలి?

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే హెల్ప్‌లైన్ తెచ్చింది. నంబరు 14416. డబ్బు పడదు, రాత్రీపగలూ ఉంటుంది, బెంగళూరులో మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 20 భాషల్లో, తెలుగులో కూడా. జీతాలిచ్చి ట్రైనింగిచ్చిన కౌన్సిలర్లు, అవసరమైతే వెనక డాక్టర్లు. మా పాత వాలంటీర్లలో కొందరికి ఇది రుచించలేదు. సర్కారు ఫోను ఎత్తేదెవరు, నొక్కమన్న నంబర్లన్నీ నొక్కేసరికి మనసు మారిపోదా అన్నారు. నాకలా అనిపించదు. 1986లో ఒక ఊళ్ళో ఒక ఫోనుతో మొదలైన పనికి ఇవాళ దేశమంతటికీ ఒకే నంబరుంది, అదీ ఐదంకెల్లో. కంఠతా పట్టొచ్చు. దగ్గరివాళ్ళెవరైనా ఇలాంటి మాటలు మాట్లాడుతుంటే, మీకే అలా అనిపిస్తుంటే, చెయ్యండి. తెలుగు కావాలంటే దొరుకుతుంది. వాలంటీర్ల సెంటర్లు కూడా పోలేదు, అవి అలాగే ఉన్నాయి. రెండూ ఉండాల్సినవే.

ఇప్పుడు కుర్రవాళ్ళు మాట్లాడటం కన్నా చాట్ చేయడానికే ఇష్టపడతారట. మంచిదే, పక్కన ఎవరున్నా వినబడదు. నాకే చేత కాదు. అటువైపు టైప్ చేస్తున్నట్టు చుక్కలు కనబడి, మళ్ళీ మాయమై, మళ్ళీ కనబడుతుంటే నా ప్రాణం పోతుంది. ఊపిరి విని అలవాటైన చెవులకి ఆ చుక్కల్లో ఏం తెలుస్తుంది? మా సెంటర్లో డ్యూటీలు వేసే పిల్ల, నా మనవరాలి వయసుది, ఈమధ్య ఫోన్ చేసి "ఆంటీ, శనివారం రాత్రి తెలుగు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు, చాట్ కాదు, ఫోనే" అంది. నాది నెల్లూరు యాస, ఫర్వాలేదా అన్నాను. వచ్చే కాల్స్ సగం అటునుంచే అంది. మా ఆయన శనివారం రాత్రికి హోటల్ నుంచి ఇడ్లీ తెప్పించుకోవడం అలవాటు చేసుకుంటున్నారు.